ఏటిగట్టు నుంచి అర్మకొండ దాకా

కొండ కనిపించని కోనసీమ వాళ్లు తూర్పు కనుమలకు వెళితే ముందు చూడాల్సింది శిఖరాలను కాదు, వాటి మధ్య దారులను

అమలాపురం సముద్రమట్టానికి మూడు మీటర్ల ఎత్తున ఉంది. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, ఎటు పోయినా అదే చదును. మన దగ్గర ఎత్తంటే ఏటిగట్టు. వరదొస్తే లంకల్లో జనం పశువుల్ని తోలుకుని ఎక్కేది దాని మీదికే. ఎంత లోతు తవ్వినా ఇక్కడ ఇసుక, ఒండ్రు తప్ప రాయి తగలదు. రాయి కావాలంటే గోదావరి దాటి లారీలో రావాల్సిందే. అందుకే మనకి కొండంటే అన్నవరం రత్నగిరి, ఘాట్ రోడ్డంటే తిరుమల. 1944లో వేసిన మొదటి ఘాట్, 1974లో వచ్చిన రెండో ఘాట్, ఆ మలుపుల్లో వాంతులు చేసుకున్న చిన్నపిల్లలు, కోనసీమలో ప్రతి ఇంటికీ తెలిసిన కొండ ప్రయాణం అంతవరకే.

అయినా ఈ నేల కొండల నుంచి వచ్చిందే. ఆషాఢం, శ్రావణాల్లో గోదావరి ఎర్రబడుతుంది. ఎర్రనీళ్లు వచ్చాయంటే పైన ఎక్కడో కొండల మీద గట్టి వాన పడిందని లంక రైతుకి వేరే చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ల దారి పట్టుకుని ఎదురు వెళ్లండి. విశాఖ మన్యంలో మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్ నది పుడుతుంది. డుడుమ దగ్గర జలపాతమై దూకి, దిగువన సీలేరు అనే పేరుతో వచ్చి శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి పాపికొండలు, పోలవరం, ధవళేశ్వరం. ఆ తర్వాత గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు. అంటే పాడేరుకి పడమటి వాలు మీద పడిన చినుకు, తిరిగి తిరిగి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కొండకి తూర్పు వాలు మీద పడిన చినుకు శారదలోనో తాండవలోనో కలిసి విశాఖ తీరానికి పోతుంది. ఏ నీరు ఎటు పోవాలో ఆ వెన్నుగట్టు మీదే తేలిపోతుంది. మన చేలో ఒండ్రు ఎక్కడిదో తెలుసుకోవాలనుకున్న వాళ్లు ఒక్కసారైనా ఆ వెన్నుగట్టు ఎక్కి నిలబడాలి.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు కొదవ లేదు. కార్తీకం వచ్చిందంటే రావులపాలెం, జొన్నాడల మీదుగా రాజమండ్రి వైపు కార్లు, టెంపో ట్రావెలర్లు, బైకులు బారులు తీరతాయి. మారేడుమిల్లి, లంబసింగి, వంజంగి, అరకు. వెళ్లినవాళ్లు మంచు ఫొటోలతో తిరిగొస్తారు. మంచు బాగుంటుంది, కాదనను. కానీ ఆ మంచు కింద ఉన్న రోడ్డు కథ తెలియకుండా తిరిగొస్తే సగమే చూసినట్టు. శిఖరం తనంతట తాను లేచింది. కనుమ దారి అలా కాదు. దాన్ని ఎవరో కొట్టారు, ఎవరో కొట్టించారు, ఎవరో ఎదిరించారు.

గోదావరి చేసుకున్న దారి

రాజమండ్రికి ఎగువన ఉన్న మొదటి కనుమను మనుషులు వేయలేదు, నదే కోసుకుంది. దక్కను మీద వందల కిలోమీటర్లు తీరిగ్గా నడిచొచ్చిన గోదావరి పాపికొండల దగ్గర రెండు కొండల నడుమ ఇరుక్కుంటుంది. భద్రాచలం దగ్గర అంత వెడల్పున్న నది ఇక్కడ సన్నబడి, లోతై, మలుపు మలుపుకీ ముందు దారి మూసుకుపోయిందా అనిపిస్తుంది. గట్టు మీద నుంచి తప్ప నదిని చూడని మనకి, నది పక్కన తలెత్తి చూడాల్సి రావడం వింతగా ఉంటుంది. చుట్టూ ఉన్న అడవిని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం.

ఈ అందం వెనక రెండు విషయాలు మరవకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. కనుమలో ఇరుక్కున్న వరద నీటి సుడులు ఎలాంటివో ఆ రోజు రాష్ట్రమంతా చూసింది. రెండోది, పోలవరం. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యామ్ కట్టిన నాటి నుంచీ వరద కాలంలో గండి పోచమ్మ గుడి మునుగుతోంది. దేవీపట్నం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మన కాలువలకి నీటి భరోసా వస్తుందంటే సంతోషమే. ఆ భరోసా కోసం ఊరొదిలి వెళ్లినవాళ్లు కొండరెడ్లు, కోయలు. పాపికొండలు చూడబోయే కోనసీమ మనిషికి ఆ మాట తెలిసి ఉండాలి.

మారేడుమిల్లి మలుపులు

గోకవరం దాటితే అడవి మొదలు. రంపచోడవరం, అక్కడి నుంచి మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి ఎనభై, తొంభై కిలోమీటర్లు. అమలాపురంలో తెల్లవారుజామున బయలుదేరినవాళ్లు పదింటికల్లా బొంగు చికెన్ కొట్ల ముందు ఉంటారు. కోడిమాంసానికి మసాలా పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వేయరు. వెదురులోని తేమకే ఉడుకుతుంది. సినిమాలవాళ్లు వచ్చాక ఈ అడవి పేరు ఇంకా మోగింది.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ ఈ ప్రాంతానికంతటికీ పెద్ద కనుమ. గోదావరి జిల్లాలను భద్రాచలంతో, ఆపైన ఛత్తీస్‌గఢ్‌తో కలిపే దారి అది. మలుపు తిరిగితే అడవి, మళ్లీ తిరిగితే లోయ. ఈ రోడ్డు తెలియని డ్రైవర్లు రాత్రిపూట, అందులోనూ మంచులో, నడపదగ్గది కాదు. ఇక్కడ ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఉన్నాయి. పైన గుడిస కొండ ఉంది. చెట్లు లేని గడ్డి కొండ. వానాకాలం తర్వాత పచ్చగా, చలికాలం గడిచేసరికి గోధుమరంగులో ఉంటుంది. సూర్యోదయానికి జీపులు బారులు తీరతాయి. నా మట్టుకు నాకు జీపు దిగాక నడిచే ఆ కాస్త దూరమే గుడిసలో అన్నిటికన్నా విలువైనది. గాలికి గడ్డి ఒక్కపెట్టున వంగి లేస్తుంటే వరి కంకి వేసిన చేను గుర్తొస్తుంది, కోనసీమ వాడికి మరీను.

ఈ రంప కొండల్లోనే 1879లో పితూరీ లేచింది. తరతరాలుగా గీసుకుని తాగే కల్లు మీద పన్ను వేశారు. దానికి చిగురుపన్ను అని పేరు. కొండ ఊళ్ల మీద పెత్తనమున్న ముఠాదారుల హక్కులు లాగేశారు. కారం తమ్మన్నదొర లాంటివాళ్లు ఎదురు తిరిగారు. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. కొండ మీదికి పటాలం ఎక్కాలంటే దారి కావాలి. మన్యంలో రోడ్ల చరిత్ర అక్కడ మొదలవుతుంది.

లంబసింగి రోడ్డు ఎవరిది?

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే దారిలో ఘాట్ ఎక్కిన చోట లంబసింగి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. డిసెంబరు, జనవరిల్లో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా వెళుతుంది. పత్రికలు ఆంధ్రా కాశ్మీరమని పేరు పెట్టాయి. ఎత్తు ఒక్కటే కారణం కాదు. మబ్బు లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది, చల్లబడిన బరువైన గాలి వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. ఆ గాలిలో తేమ పొగమంచవుతుంది. దగ్గర్లోని చెరువులవేనం కొండ మీద నిలబడితే ఆ మంచు కాళ్ల కింద ఉంటుంది. పాడేరు దగ్గర వంజంగిలోనూ జరిగేది ఇదే. ఎండ ఎక్కే దాకా లోయ నిండుగా తెల్లగా ఉంటుంది. తొమ్మిది దాటితే అంతా కరిగిపోయి కింద ఊళ్లు, పొలాలు బయటపడతాయి.

అయితే నేను చెప్పదలచుకున్నది వేడి వేడి టీ గ్లాసు పట్టుకుని మీరు నిలబడ్డ ఆ తారురోడ్డు గురించి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నర్సీపట్నం నుంచి చింతపల్లికి లంబసింగి మీదుగా రోడ్డు వేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. పని చేసింది కొండ జనం. వెట్టిలా పని పిండుకుని, రావలసిన కూలి ఇవ్వలేదు. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులకు బాస్టియన్ మీద కోపం రావడానికి ఈ రోడ్డు కూడా ఒక కారణం. అంతకుముందే, 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవిలో తిరుగాడటం మీద ఆంక్షలు పెట్టి ఉంది. అప్పటికే రగులుతున్న ఆ జనం మధ్యకు అల్లూరి సీతారామరాజు వచ్చాడు. ఆయన సొంతూరు మోగల్లు. రాజోలు నుంచి వశిష్ఠ దాటితే వచ్చే భీమవరం ప్రాంతంలో ఊరది. మనలాగే చదును నేల మీది కుటుంబం. కొండ ఎరగని నేల నుంచి వచ్చిన మనిషి ఆ కొండలను అంత బాగా తెలుసుకోవడం నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది కనుమ విలువ తెలిసినవాడు చేయగల యుద్ధం. ఇరుకు దారిలో ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న దొరల మీద మాత్రమే కాల్పులు జరిపారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. నర్సీపట్నంలో వాళ్ల సమాధులు ఉన్నాయి. తర్వాత మలబారు స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను దించారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖ నుంచి గెలిచారు. లంబసింగి వెళ్లే కార్లలో కృష్ణదేవిపేటలో ఆగేవి ఎన్ని?

ఇలాంటి రోడ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. ఐర్లండులో డబ్లిన్‌కి దక్షిణాన విక్లో కొండలున్నాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఆదివారం పూట శాలీ గ్యాప్ అనే కనుమ దాకా కారులో వెళ్లి, ఎర్రటి తుప్పల కొండల ముందు ఫొటోలు దిగి పంపిస్తుంటారు. ఆ రోడ్డు పేరు ఇప్పటికీ మిలిటరీ రోడ్డే. 1798లో ఐరిష్ జనం ఇంగ్లండు మీద తిరగబడ్డారు. ఓడినవాళ్లలో మైకేల్ డ్వయర్ లాంటివాళ్లు విక్లో కొండల్లో దాక్కుని 1803 దాకా దొరకలేదు. కొండల్లోకి సైన్యం చేరాలని ప్రభుత్వం 1800లో మొదలుపెట్టి 1809కి ఆ రోడ్డు పూర్తి చేసింది. ఆ దేశానికి నైరుతి మూల, కార్క్, కెర్రీ ప్రాంతాల మధ్య హీలీ పాస్ అని ఇంకో కనుమ ఉంది. బంగాళదుంప పంట కుళ్లిపోయి లక్షల మంది చనిపోయిన కరువులో, 1847లో, ఆకలితో ఉన్నవాళ్ల చేత కరువు పనుల కింద మొదలుపెట్టించిన దారి అది. ఇప్పుడు పర్యాటకులు ఆ మెలికలు చూసి ముచ్చటపడతారు.

1847. అదే ఏడు ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. 1852కి పూర్తయింది. ఇక్కడ కూడా వెనక ఉన్నది కరువే. ఒకే పాలన కింద ఒకే ఏడాది రెండు పనులు. ఒకటి కోనసీమకి అన్నం పెట్టింది. ఇంకొకటి, చనిపోతున్న వాళ్లు ఎవరికోసమో కొట్టిన దారి. రాయి కొట్టిన చేతుల పేర్లు రెండు చోట్లా మిగల్లేదు.

పేర్లు లేని శిఖరాలు

ఇప్పుడు శిఖరాల సంగతి. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైనదిగా చెప్పే అర్మకొండ పాడేరు ప్రాంతంలోనే ఉంది. 1,680 మీటర్లు. జిందగడ అని, సీతమ్మకొండ అని కూడా పిలుస్తారు. ఒడిశాలో కోరాపుట్ దగ్గర దేవ్‌మాలి 1,672 మీటర్లు. ఎనిమిది మీటర్ల తేడా. కొలతలు ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ సరిపోవు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన కొండ ఏదని అడిగితే చెప్పగలిగే పదో తరగతి పిల్లలు ఎంతమంది ఉంటారో మీ ఊరి బడిలో అడిగి చూడండి.

ఐర్లండులో ఎత్తైన శిఖరం కారన్‌టూహిల్. 1,038 మీటర్లు. మన లంబసింగి రోడ్డు పక్కన ఉన్న ఊరి ఎత్తుకి కాస్త అటూ ఇటూ. అయినా అక్కడ ఐదు వందల మీటర్లు దాటిన ప్రతి గుట్టకీ పేరు, కొలత, ఎక్కే దారి రాసిపెట్టిన జాబితాలున్నాయి. వాటిని పట్టుకుని జీవితమంతా ఒక్కొక్కటే ఎక్కేవాళ్లున్నారు. అరిగిపోయిన కాలిబాటలను స్వచ్ఛందంగా బాగుచేసే బృందాలున్నాయి. కారన్‌టూహిల్ మీదికి పోయే పాతదారి ఒకటి, డెవిల్స్ ల్యాడర్, ఎక్కేవాళ్ల పాదాల కింద మట్టి జారి గులకరాళ్ల గాడిగా మారింది. జనం ఎక్కువైతే కొండ ఏమవుతుందో అది చెబుతుంది. వంజంగి కాలిబాట మీద ప్లాస్టిక్ సీసాలు చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది.

మనకి ఎత్తు ఉంది, జాబితా లేదు. కొండల పేర్లు మన పుస్తకాల్లో లేకపోవచ్చు, అక్కడి బగతలకు, కొండదొరలకు, పోర్జలకు ప్రతి గట్టు పేరూ తెలుసు. ఏ కొండ మీద ఏ దేవత, ఏ ఊటకి ఎండాకాలం నీరుంటుంది, ఎక్కడ పిప్పళ్లు దొరుకుతాయి, అన్నీ నోటిమీదే ఉంటాయి. పాడేరు ఘాట్ ఎక్కుతుంటే నడిమధ్యలో మోదకొండమ్మ పాదాల దగ్గర ప్రతి బస్సూ ఆగుతుంది. డ్రైవర్ దిగి దణ్ణం పెట్టుకుంటాడు. కనుమకి కాపలా ఉన్న అమ్మవారు ఆమె.

తెలుగు నేల అంచున ఇంకో శిఖరం మహేంద్రగిరి. 1,501 మీటర్లు. ఒడిశాలో ఉన్నా శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి దగ్గర. పురాణాల్లో పరశురాముడి కొండ. పైన భీముడి, కుంతి పేర్లతో పాత రాతి గుళ్లు. శివరాత్రికి భక్తులు ఎక్కుతారు. పర్వతారోహణ అనే మాట పుట్టకముందే మనవాళ్లు కొండలెక్కారు, దేవుడి కోసం.

రైల్లో కొండ ఎక్కాలంటే కొత్తవలస–కిరండూల్ మార్గం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను. వరసగా యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, నడవలేని పెద్దవాళ్లకి ఇంతకన్నా మంచి కొండ ప్రయాణం లేదు.

కొండలు చూస్తే సరిపోదు, ఎక్కాలనుకునే పిల్లలకు ఒక పేరు చెప్పాలి. మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టాడు, అదీ చదును నేలే. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివేటప్పుడు, 1985లో ఎవరెస్టు ప్రయత్నంలో చనిపోయిన పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు విగ్రహం చూసి కొండల మీద మనసు పెట్టుకున్నాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్‌లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాదే, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమె మొదట శిక్షణ పొందింది భువనగిరి గుట్ట మీద. హిమాలయం దాకా వెళ్లే ముందు దగ్గర్లో ఉన్న రాయి చాలు.

గాలికొండ మీద గీత

అరకు దారిలో అనంతగిరి, గాలికొండ వ్యూపాయింట్, సుంకరమెట్ట కాఫీ తోటలు అందరికీ తెలిసినవే. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే ఎగబాకిన మిరియం తీగ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలియనిది ఏమిటంటే, ఆ పచ్చదనం కింద బాక్సైట్ ఉంది. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, చింతపల్లి వైపు జెర్రెల, సప్పర్ల. కొండ నెత్తి మీద పరుచుకున్న ఆ పొర తీయాలంటే నెత్తే తీయాలి. వాన నీటిని పట్టి నెమ్మదిగా ఊటలకి వదిలేదీ ఆ పొరే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవంది. 2015 నవంబరులో జెర్రెల తవ్వకాల కోసం జీవో 97 వచ్చింది. మన్యమంతా కదిలింది, ఆ జీవో తర్వాత రద్దయింది. ఆ పోరాటం ఎక్కడో దూరంగా ఉన్న కొండవాళ్లది అనుకోకండి. ఆ ఊటలు ఎండితే సీలేరు తగ్గుతుంది, శబరి తగ్గుతుంది. వేసవిలో మన దాళ్వాకి సీలేరు నీళ్లు వదిలితే తప్ప చేను గట్టెక్కని రోజులు మన రైతులందరికీ తెలుసు.

ఇంకో మాట. వ్యూపాయింట్ దాకా తారురోడ్డు పడుతున్న ఈ కొండల్లోనే, పురిటినొప్పులతో ఉన్న ఆడమనిషిని డోలీలో మోసుకుని కిలోమీటర్ల కొద్దీ దిగే ఊళ్లు ఉన్నాయి. పర్యాటకం కోసం వేసే ప్రతి రోడ్డుకూ ముందు ఆ ఊళ్లకు రోడ్డు పడాలి. నూరేళ్ల కిందట కొండవాళ్ల చేత వెట్టికి రోడ్డు వేయించుకుని వాళ్లకి కూలి ఎగ్గొట్టారు. ఇప్పుడు వాళ్లకి రోడ్డే ఎగ్గొడితే తేడా ఏముంది?

ఈ కార్తీకంలో వెళుతున్న వాళ్లకి నా మనవి. లంబసింగికి వెళితే కృష్ణదేవిపేటలో ఆగండి, పిల్లలకి దామనపల్లి సంగతి చెప్పండి. తెలియని ఘాట్ చీకట్లో ఎక్కకండి. వలిసె పూల చేలో దిగి తొక్కి ఫొటోలు తీసుకోకండి, అది ఒకరి పంట. కొండ ఎక్కేటప్పుడు ఆ ఊరి మనిషినే తోడు తీసుకెళ్లండి, ఎదురుగా కనిపించే ప్రతి కొండ పేరూ అడిగి రాసుకోండి. అతను అడిగిన డబ్బు బేరమాడకుండా చేతికివ్వండి.